భిన్నాల గుణకారం, భాగహారం: ఏ యాప్ అని అడిగే ముందు 'దేనిలో?' అని అడగండి

మీరు అడిగింది ఇదీ. బాబు ఏడో తరగతి, ఇంగ్లీష్ మీడియం. భిన్నాలు గుణించమంటే పైవి పైవాటితో, కిందివి కిందివాటితో గుణించేస్తాడు. భాగించమంటే రెండోదాన్ని తలకిందులు చేసి గుణించేస్తాడు. మార్కులు వస్తున్నాయి. కానీ ఎందుకు తిప్పావురా అంటే 'మేడమ్ చెప్పారు' అంటాడు, రెండు వారాలు గడిస్తే ఏది తిప్పాలో మర్చిపోయి మొదటిదాన్ని తిప్పేస్తాడు. బొమ్మలతో, కదిలించి చూసుకునేలా నేర్పే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే చెప్పండి, డబ్బు పెట్టడానికి సిద్ధం అన్నారు.

డబ్బు పెట్టకండమ్మా. నేను ఖమ్మం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇరవై మూడేళ్లు గణితం చెప్పాను, అందులో చివరి పదేళ్లకు పైగా కంప్యూటర్, ఫోన్, ఇప్పుడు గోడకు బిగించిన ఐఎఫ్‌పీ ప్యానెల్ (వేలితో తాకితే పనిచేసే పెద్ద తెర), దొరికినవన్నీ వాడాను. భిన్నాలకు కావలసిన మంచి సాఫ్ట్‌వేర్ అంతా ఉచితమే. కొరత సాఫ్ట్‌వేర్‌కి లేదు, దాని పక్కన కూర్చుని అడగాల్సిన ఒక ప్రశ్నకి ఉంది. ఆ ప్రశ్న 'దేనిలో?'. ముక్క చూపించి ఇది ఎంత అని పిల్లాడిని అడుగుతాం, వాడు సగం అంటాడు, మనం శెభాష్ అంటాం. దేనిలో సగం అని అడగం. గుణకారంలో గానీ భాగహారంలో గానీ పిల్లలు పడిపోయే గొయ్యి అక్కడే ఉంది, కింద రెండు చోట్ల చూపిస్తాను.

ముందు డబ్బు పెట్టొద్దని ఎందుకన్నానో చెప్తాను. కొన్నేళ్ల కిందట ఒక కంపెనీ వాళ్లు మా స్కూల్‌కి ట్యాబ్‌లు పట్టుకొచ్చి డెమో ఇచ్చారు. రంగురంగులుగా ఉంది, సరైన జవాబు నొక్కితే నక్షత్రాలు రాలతాయి, చప్పట్లు మోగుతాయి. ఏడో తరగతి అమ్మాయి ఒకతె వరసగా పది కొట్టేసింది, వచ్చినాయన మురిసిపోయాడు. నేను ఆ అమ్మాయిని పక్కకు పిలిచి ఎలా చేశావమ్మా అన్నాను. 'ఏం లేదు సార్, ఇంటూ గుర్తు ఉంటే కింద పెద్ద నంబర్ ఉన్నది నొక్కాలి, భాగహారం గుర్తు ఉంటే పైన పెద్ద నంబర్ ఉన్నది నొక్కాలి' అంది. ఆ యాప్‌లో ఇచ్చిన ఆప్షన్లు అలా ఉన్నాయి మరి. ఆ పిల్ల తెలివైందే, ఒక సూత్రం కనిపెట్టింది, కాకపోతే అది భిన్నాల సూత్రం కాదు, యాప్ సూత్రం. నాలుగు ఆప్షన్లు ఇచ్చి నొక్కించే దేన్నయినా నేను సాఫ్ట్‌వేర్ అనను, క్వశ్చన్ పేపర్‌కి కరెంటు పెట్టడం అంటాను. పిల్లాడు చేత్తో కోయాలి, జరపాలి, అతికించాలి, అతికించింది సరిపోకపోతే అది తెర మీద కళ్లకు కనబడాలి. ఆ పని చేయించేవి మూడు వాడతాను నేను: ఫెట్, జియోజెబ్రా, పాలీప్యాడ్. మూడూ ఫోన్ బ్రౌజర్‌లో తెరుచుకుంటాయి.

తెర దగ్గరికి వెళ్లే ముందు నోటి సంగతి ఒకటి ఉంది. ఇంగ్లీష్ మీడియం పిల్లలు 3/4 ని 'త్రీ బై ఫోర్' అంటారు, తెలుగు మీడియం వాళ్లూ ఇప్పుడు 'మూడు బై నాలుగు' అనే అంటున్నారు. ఆ బై వల్ల అది పైన ఒక అంకె, కింద ఒక అంకె, మధ్యలో గీత అయిపోయింది. మన పెద్దవాళ్లు ఎలా అనేవారు? నాలుగింట మూడు వంతులు. మూడింట రెండు వంతులు. ఇందులో హారం ముందు వస్తుంది, లవం తర్వాత. ముందు నాలుగు చేశావు, వాటిలో మూడు తీసుకున్నావు. పని ఏ వరసలో చేయాలో మాట అదే వరసలో ఉంది. మీ బాబుతో ఒక వారం పాటు ఇంట్లో భిన్నాలను ఇలాగే అనిపించండి, మొదటి రెండు రోజులు నవ్వుకుంటాడు, పర్లేదు.

ఫెట్‌లో భిన్నాల పరిచయం అనే సిమ్యులేషన్ ఉంది. ఫిజిక్స్ నోబెల్ 2001లో అందుకున్న కార్ల్ వీమన్, ఆ మరుసటి ఏడాది కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఫెట్, మొదట ఫిజిక్స్ కోసమే, తర్వాత లెక్కలు కూడా చేర్చారు. అందులో హారం బాణం నొక్కితే వృత్తమో పట్టీయో గ్లాసో అన్ని ముక్కలవుతుంది, లవం బాణం నొక్కితే అన్ని ముక్కలు నిండుతాయి. ముందు హారం బాణం, తర్వాత లవం బాణం నొక్కిస్తూ 'నాలుగింట... మూడు' అని పైకి అనిపించాలి. నేను దీన్ని గుణకారానికి వాడను, పునాదికి మాత్రమే. మ్యాక్స్ అనే చోట 2 పెడితే రెండో బొమ్మ వస్తుంది, లవం హారాన్ని దాటగానే అది నిండడం మొదలవుతుంది చూడండి, అక్కడ ఆగి 'ఇప్పుడు ఒకటి అంటే ఏది?' అని అడగండి. రెండు గ్లాసులూ కలిపి ఒకటి అనేవాళ్లు ఎంతమంది ఉంటారో చెప్తే నమ్మరు. దీనికి రెండు సాయంత్రాలు చాలు, అంతకంటే వద్దు.

ఇక గుణకారం. ఇంటూ అనే మాటను పక్కన పెట్టి 'లో' అనండి. పావులో సగం. ముప్పావులో మూడింట రెండు వంతులు. మన విభక్తే ఇక్కడ గుణకార చిహ్నం. మా నాన్న అణాల కాలం మనిషి, ఆయనకు బడి చదువు అయిదో తరగతితో సరి, అయినా పావలాలో పావు ఎంత అంటే ఠక్కున అణా అనేవాడు. రూపాయికి పదహారు అణాలు, పావలాకి నాలుగు, దాంట్లో పావు ఒకటి, అంటే రూపాయిలో పదహారో వంతు. ఆ పదహారో వంతుకే వీసం అని పేరు, వీసమెత్తు అనే మాట అక్కడిదే. 1/4 × 1/4 = 1/16 ని ఆయన ఎప్పుడూ కాగితం మీద చేయలేదు. 1957లో నయాపైసలు వచ్చాక ఈ లెక్క ఇళ్లలోంచి మెల్లగా పోయింది, దాని బదులు మనకు తెర కావాల్సి వస్తోంది.

గుణకారానికి వృత్తాలు, పిజ్జాలు పనికిరావు. కూడికకు ఓకే. పిజ్జా ముక్కలో మూడింట రెండు వంతులు గీయమంటే గీసేవాడికీ తెలియదు, చూసేవాడికీ తెలియదు. చతురస్రం కావాలి, ఎందుకంటే దాన్ని నిలువునా కోయొచ్చు, అడ్డంగా కోయొచ్చు, రెండు కోతలూ ఒకదానికొకటి అడ్డం రావు. నేను దాన్ని చతురస్రం అనను, ఎకరం అంటాను. మా దగ్గర ఎకరానికి నలభై గుంటలు, పిల్లలందరికీ తెలుసు, ఇంట్లో రోజూ వినే మాటే. (మీరు ఆంధ్ర వైపు అయితే నూరు సెంట్లు అనుకోండి, లెక్క ఇంకా సులువు.)

జియోజెబ్రాలో ఇది ఎవరైనా అరగంటలో తయారు చేసుకోవచ్చు. మార్కుస్ హోహెన్‌వార్టర్ అనే ఆయన 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ యూనివర్సిటీలో చదువుకుంటూ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. భుజం పొడవు 1 ఉండే చతురస్రం గీయండి. నాలుగు స్లైడర్లు (జరిపితే విలువ మారే మీటలు) పెట్టండి, విలువలు 1 నుంచి 10, ఒక్కో అడుగు 1: నిలువు ముక్కలు ఎన్ని, వాటిలో తీసుకున్నవి ఎన్ని, అడ్డం ముక్కలు ఎన్ని, వాటిలో తీసుకున్నవి ఎన్ని. గీతలన్నీ సీక్వెన్స్ అనే కమాండ్‌తో ఒక్కసారే వచ్చేస్తాయి. తీసుకున్న నిలువు ముక్కలకు పసుపు రంగు, అడ్డం ముక్కలకు నీలం, రెండూ పడినచోట ఆకుపచ్చ కనబడేలా రంగుల చిక్కదనం తగ్గించండి. అంతే. తయారు చేసే ఓపిక లేకపోతే ఇలాంటివి టీచర్లు చేసి పెట్టినవి జియోజెబ్రా సైట్‌లోనే చాలా దొరుకుతాయి, కాకపోతే వాటిలో ఎక్కువ భాగం జవాబును కూడా పక్కనే చూపించేస్తాయి. జవాబు చూపించనిది వెతకండి, లేకపోతే ఆ భాగం మీద స్టికీ నోట్ అంటించండి, నేను ల్యాబ్‌లో అదే చేశాను.

ఇప్పుడు లెక్క. ఒక రైతుకు ముప్పావు ఎకరం ఉంది, అందులో మూడింట రెండు వంతుల్లో మిర్చి వేశాడు, మిర్చి ఎన్ని ఎకరాల్లో ఉంది? పిల్లలు నిలువు స్లైడర్ నాలుగుకి తెస్తారు, మూడు ముక్కలకు పసుపు వస్తుంది. అడ్డం స్లైడర్ మూడుకి తెస్తారు, రెండు వరసలకు నీలం వస్తుంది. ఆకుపచ్చ గళ్లు ఆరు. ఇక్కడిదాకా అందరూ వస్తారు. జవాబు ఎంత అని అడిగితే క్లాస్ రెండు ముక్కలవుతుంది. సగం మంది 6/12 అంటారు. మిగతావాళ్లు 6/9 అంటారు, వాళ్లలో ఒకడు లేచి 'సార్, ఆ రైతు పొలం తొమ్మిది గళ్లే కదా, మిగతా మూడు గళ్లు పక్కోడివి, వాటిని ఎందుకు లెక్కపెట్టాలి?' అన్నాడు ఒకసారి. నాకు నచ్చిన ప్రశ్నల్లో అదొకటి, ఇప్పటికీ ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు, అడక్కపోతే నేనే అడిగిస్తాను.

వాడు చెప్పింది తప్పు కాదు. ఆరు గళ్లు తొమ్మిదిలో ఎంత? తొమ్మిదింట ఆరు, అంటే మూడింట రెండు. అది రైతు పొలంలో మిర్చి వాటా, అది లెక్కలోనే ఇచ్చేశారు. మనల్ని అడిగింది ఎకరంలో ఎంత అని. ఎకరంలో గళ్లు పన్నెండు. కాబట్టి పన్నెండింట ఆరు, అంటే అర ఎకరం. గుంటల్లో సరిచూసుకోమన్నాను: ముప్పావు ఎకరం 30 గుంటలు, దాంట్లో మూడింట రెండు 20 గుంటలు, 20 గుంటలంటే అర ఎకరం. ఆ పక్కోడి మూడు గళ్లను తెర మీద చెరిపేయకుండా తెల్లగా ఉంచడమే ఈ బొమ్మ చేసే మేలు, ఎకరం కళ్లముందు నుంచి పోదు. 'దేనిలో?' అంటే ఒకసారి పొలంలో, ఒకసారి ఎకరంలో. ఇది ఒకసారి వెలిగాక పైవి పైవాటితో ఎందుకు గుణిస్తామో విడిగా చెప్పక్కర్లేదు. ఆకుపచ్చ గళ్లు మూడు నిలువులు, రెండు వరసలు, మొత్తం గళ్లు నాలుగు నిలువులు, మూడు వరసలు. మా పిల్లలే చెప్పారు, నేను బోర్డు మీద రాశానంతే.

స్లైడర్ ఆడేటప్పుడు ఒక నియమం పెట్టండి. జరపడానికి ముందు ఊహ చెప్పాలి. 'ఇప్పుడు అడ్డం ముక్కలు ఐదు చేస్తే ఆకుపచ్చ భాగం పెరుగుతుందా తగ్గుతుందా?' చెప్పాకే చెయ్యి పెట్టాలి. ఊహ లేకుండా జరిపితే అది వీడియో చూడటంతో సమానం. ఐఎఫ్‌పీ ప్యానెళ్ల గతి చాలా స్కూళ్లలో అలాగే అయింది, టీచర్ నొక్కుతాడు, నలభై మంది చూస్తారు, అది పెద్ద టీవీ. నేనైతే పిల్లల చేత ఊహను నోట్‌బుక్‌లో రాయించి, ఆ తర్వాతే ఒకరిని ప్యానెల్ దగ్గరికి పిలుస్తాను.

మరొకటి కూడా స్లైడర్‌తోనే తేలిపోతుంది, కాకపోతే దీనికి ఒకటి కంటే కిందికి కూడా చిన్న అడుగులతో జరిగే ఇంకో స్లైడర్ పెట్టుకోవాలి. గుణిస్తే పెరుగుతుంది, భాగిస్తే తగ్గుతుంది అని అయిదో తరగతి దాకా పిల్లలు నమ్ముతారు, ఎందుకంటే అప్పటిదాకా అది నిజమే. ఒక వైపు 12 స్థిరంగా పెట్టి, గుణించే సంఖ్యను 2 నుంచి కిందికి జరుపుకుంటూ రండి. ఒకటి దగ్గర 12, ఒకటి దాటి కిందికి వస్తే 12 కంటే తక్కువ. ఆ ఒకటి దగ్గర ఏం జరిగిందో పిల్లాడి చేత చెప్పించండి. ఎక్కువ మాట్లాడకండి మీరు.

భాగహారమే అసలు తలనొప్పి, దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను.

భాగహారం అంటే పంచడం అని మూడో తరగతిలో చెప్తాం. పన్నెండు జామకాయలు ముగ్గురికి పంచితే తలా నాలుగు. మరి పన్నెండు జామకాయలు సగం మందికి పంచడం ఎలా? సగం మనిషి ఎవరు? పంచడం అనే అర్థం ఇక్కడ ఆగిపోతుంది, అది ఆగిపోయిందని పిల్లలకు ఎవరూ చెప్పరు, చెప్పకుండా తిప్పి గుణించు అంటాం, వాళ్లు బట్టీ పట్టేస్తారు. ఇక్కడ రెండో అర్థం బయటికి తీయాలి, కొలవడం. మా అమ్మమ్మ ఇంట్లో బియ్యం మానికతో, సోలతో కొలిచేవాళ్లు, మానికకి నాలుగు సోలలు. ముప్పావు మానిక బియ్యంలో ఎన్ని సోలలు? మూడు. అది 3/4 ÷ 1/4. ఎవరికీ పంచలేదు, చిన్న పాత్రతో ఎన్నిసార్లు పడుతుందో కొలిచాం. ఇప్పుడు ఇళ్లలో సోల లేదు కాబట్టి అర లీటర్ నీళ్ల సీసా తీసుకోండి.

1¾ ÷ ½. ఒకటీ ముప్పావు లీటర్ పాలున్నాయి, అర లీటర్ సీసాల్లో పోయాలి, ఎన్ని సీసాలు నిండుతాయి? ముందు తెర లేకుండా చేయించండి. మా తరగతిలో ఇది ఎప్పుడు ఇచ్చినా ఎక్కువమంది రాసే జవాబు 3¼. ఎలా అంటే వాళ్ల దారి సరిగ్గానే ఉంది: మూడు సీసాలకు ఒకటిన్నర లీటర్ అయిపోయింది, పావు లీటర్ మిగిలింది, కాబట్టి మూడూ పావు. తిప్పి గుణిస్తే 7/4 × 2 = 7/2, అంటే మూడున్నర. రెండు జవాబులు వచ్చాయి, పిల్లలు నా మొహం చూస్తారు, సార్ ఏది కరెక్ట్ అంటారు. నేను చెప్పను. పాలీప్యాడ్ తెరవండి అంటాను.

పాలీప్యాడ్‌లో భిన్నాల పట్టీలు ఉంటాయి, ఒకటి, రెండింట ఒకటి, మూడింట ఒకటి ఇలా, పొడవులన్నీ ఒకే కొలతకు కుదిరేలా. పైన ఒక పూర్తి పట్టీ, దాని పక్కన మూడు పావు పట్టీలు, అంటే ఒకటీ ముప్పావు. దాని కింద అర పట్టీలు ఒక్కొక్కటే పేర్చాలి. ఒకటి, రెండు, పూర్తి పట్టీ అయిపోయింది. మూడు. నాలుగోది పెట్టారు, అది పైవరస దాటి బయటికి వచ్చింది. ఎంత బయటికి వచ్చింది? దానిలో సగం. అంటే నాలుగో అర పట్టీలో సగమే పట్టింది. మూడున్నర. అప్పుడు ఆ మూడూ పావు రాసిన పిల్లలను అడిగాను, 'ఆ పావు ఎక్కడిది, దేనిలో పావు?' ఒక కుర్రాడు కాసేపు ఆగి 'లీటర్‌లో పావు సార్... కానీ సీసాలో అయితే సగం' అన్నాడు, అని తన నోట్‌బుక్‌లో పావును కొట్టేయకుండా దాని పక్కన లీ. అని రాసుకున్నాడు. ఎకరం దగ్గర పడ్డ గొయ్యే ఇది కూడా. లీటర్లు అడగలేదు, సీసాలు అడిగారు.

కాగితం మీద కూడా పట్టీలు కత్తిరించి ఇది చేయొచ్చు, చేయించాను కూడా. కానీ కాగితం ముక్కలు ఒక మిల్లీమీటర్ అటూ ఇటూ అవుతాయి, మూడింట ఒకటి ముక్కలు మూడు పెడితే ఒకటి కంటే కొంచెం తక్కువ వస్తుంది, అప్పుడు పిల్లాడికి తన ఆలోచన తప్పో కత్తెర తప్పో తెలియదు. తెర మీద ఆ గొడవ లేదు, బయటికి వచ్చిందంటే నిజంగానే వచ్చింది. నేను సాఫ్ట్‌వేర్ వాడటానికి మొదటి కారణం ఇదే, రంగులు కాదు.

ఇక తిప్పడం ఎందుకు. ఇక్కడ తొందరపడకండి, ఒక సాయంత్రం దీనికే ఇవ్వండి. ముందు అన్నీ ఒకటితో మొదలుపెట్టాలి. ఒకటిలో అరలు ఎన్ని? రెండు. ఒకటిలో పావులు? నాలుగు. మూడింట ఒకటి? మూడు. ఇవి నోటికొచ్చేస్తాయి. ఇప్పుడు ఒకటిలో మూడింట రెండు ఎన్నిసార్లు పడుతుంది? పట్టీలు పేర్చండి. మూడింట ఒకటి పట్టీలు రెండు కలిపి ఒక ముక్క అనుకోండి. ఒకసారి పట్టింది, మూడింట ఒకటి ఖాళీ మిగిలింది, ఆ ఖాళీ మన ముక్కలో సగం. కాబట్టి ఒకటిన్నర సార్లు, అంటే 3/2. చూడండి, 2/3 తిరగబడి 3/2 అయింది, మనం తిప్పలేదు, దానంతట అదే వచ్చింది. పుస్తకంలో వ్యుత్క్రమం అని ఉండేది ఇదే: ఒకటిలో అది ఎన్నిసార్లు పడుతుందో ఆ సంఖ్య. 3/4, 2/5 తో కూడా చేయించండి, 4/3, 5/2 వస్తాయి. తర్వాత అడగండి: మూడింట రెండు అనే ముక్క ఒకటిలో ఒకటిన్నర సార్లు పడితే ముప్పావులో ఎన్నిసార్లు పడుతుంది, అంటే 3/4 ÷ 2/3 ఎంత? దాంట్లో ముప్పావు వంతు. ఒకటిన్నరలో ముప్పావు, 3/4 × 3/2, 9/8. మళ్లీ 'లో' వచ్చింది, అందుకే అక్కడ గుణకారం వచ్చింది. ఇలా వచ్చినవాడు మొదటి భిన్నాన్ని తిప్పడు, ఎందుకంటే కొలిచే పాత్ర ఏదో వాడికి తెలుసు, తిరిగేది ఆ పాత్రే.

కొందరికి ఈ దారి ఎక్కదు. వాళ్లకు ఇంకోటి ఉంది, రెండింటినీ ఒకే సైజు ముక్కలు చేయడం. 3/4 అంటే 9/12, 2/3 అంటే 8/12. తొమ్మిది ముక్కల్లో ఎనిమిది ముక్కలు ఎన్నిసార్లు? 9/8. కూడికలో క.సా.గు. చేసిన అలవాటు ఉంది కాబట్టి ఇది బలహీనమైన పిల్లలకు త్వరగా పట్టుబడుతుంది. ఎకరం బొమ్మ మీదే చూపించొచ్చు, నిలువు మూడు ముక్కలు అంటే తొమ్మిది గళ్లు, అడ్డం రెండు వరసలు అంటే ఎనిమిది గళ్లు. నేను పరీక్షలో ఈ పద్ధతికి కూడా పూర్తి మార్కులు వేస్తాను. మీ బాబు స్కూల్లో వేస్తారో లేదో కనుక్కోండి, వేయరంటే పరీక్షలో తిప్పి గుణించమనే చెప్పండి, దాని కోసం మేడమ్‌తో గొడవ వద్దు. తిప్పడం తప్పేం కాదు, 628లో బ్రహ్మగుప్తుడు చెప్పిన నియమమే అది, భాజకంలో లవాన్ని, హారాన్ని తారుమారు చేసి గుణించమని. పదమూడు, పద్నాలుగు వందల ఏళ్లుగా నడుస్తున్న దారి. పిల్లాడు దాన్ని రెండు వారాల్లో మర్చిపోవడం బ్రహ్మగుప్తుడి తప్పు కాదు.

ఒక పరీక్ష చెప్తాను, బాబుకి అర్థమైందో లేదో తేల్చుకోవడానికి. లిపింగ్ మా అనే పరిశోధకురాలు 1999లో వచ్చిన తన పుస్తకంలో ఇదే లెక్క, 1¾ ÷ ½, టీచర్లకు ఇచ్చి చేయమంది, చేశాక దానికి సరిపడే ఒక కథ చెప్పమంది. చైనా టీచర్లు 72 మంది, అందరూ లెక్క సరిగ్గా చేశారు, ఎక్కువమంది కథ కూడా సరిగ్గా చెప్పారు. అమెరికా టీచర్లు 23 మంది, వాళ్లలో సగం మందికి పైగా లెక్కే పూర్తిగా రాలేదు, కథ దగ్గర చాలామంది చెప్పింది ఒకటీ ముప్పావు రొట్టెను ఇద్దరికి పంచడం లాంటిది. అది సగంతో భాగించడం కాదు, రెండుతో భాగించడం. ఇది చదివాక నేను మా దగ్గర జరిగిన ఒక ట్రైనింగ్‌లో టీ టైమ్‌లో నలుగురైదుగురు లెక్కల టీచర్లను సరదాగా అడిగాను. నాతో సహా ఇద్దరం తడబడ్డాం. అందుకని బాబుని తిట్టకండి.

కథలు అల్లించడం మీద ఇంకో మాట. 1980ల్లో బోస్టన్‌లో ఇడిత్ హరెల్ అనే ఆవిడ, ఎమ్‌ఐటీలో సేమూర్ పాపర్ట్ దగ్గర పనిచేస్తూ, ఒక మామూలు బడిలో నాలుగో తరగతి పిల్లల చేత లోగో అనే కంప్యూటర్ భాషలో తమకంటే చిన్నవాళ్లకు భిన్నాలు నేర్పే సాఫ్ట్‌వేర్ తయారు చేయించింది. సాఫ్ట్‌వేర్ చూసి నేర్చుకోవడం కాదు, చేయడం. చేసిన పిల్లలకే భిన్నాలు బాగా వచ్చాయి. మీ ఇంట్లో చిన్నదో చిన్నవాడో ఉంటే బాబుకి ఈ పని అప్పజెప్పండి, పాలీప్యాడ్‌లో ఒక పజిల్ పెట్టి చెల్లికి ఇవ్వమనండి, ఆమె తప్పు చేస్తే ఎందుకు తప్పో వాడే చెప్పాలి. వాడి అసలు అయోమయం అప్పుడు బయటపడుతుంది, మీరు పక్క గదిలోంచి వింటే చాలు.

రోజుకి పదిహేను, ఇరవై నిమిషాలు మించొద్దు. ఫోన్ అయితే అడ్డంగా తిప్పి పెట్టండి, పట్టీలు చిన్న తెర మీద ఇరుకవుతాయి, పాత ల్యాప్‌టాప్ ఉంటే అదే మేలు. నెట్ సరిగ్గా రాకపోతే ఫెట్ సిమ్యులేషన్‌ను డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, తర్వాత నెట్ లేకుండానే నడుస్తుంది. పక్కన రూళ్ల నోట్‌బుక్ తప్పనిసరి, తెర మీద చేసిన ప్రతి బొమ్మనూ చేత్తో ఒకసారి గీయాలి, వంకరగా గీసినా సరే. రెండు వారాలకు స్లైడర్ లేకుండా కళ్లు మూసుకుని ఎకరం బొమ్మ చెప్పగలిగితే సాఫ్ట్‌వేర్ మూసేయండి, దాని పని అయిపోయింది. చెప్పలేకపోతే ఇంకో వారం.

మొదటి రోజే మాత్రం, ఏ తెరా తెరవకముందు, 1¾ ÷ ½ కి ఒక కథ రాయమనండి, దిద్దకుండా అలాగే దాచండి. మూడో వారంలో మళ్లీ రాయమనండి. రెండూ ఇక్కడ పెడితే చూస్తాను, వాడు సగంతో భాగించాడో రెండుతో భాగించాడో.